ఒకే రాయి, మూడు పద్దులు

మార్కాపురము ప్రాంతమున భూమి పొరలలో దొరకు నల్లరాతికి ప్రకృతి ఒక్క గుణమును మాత్రము ధారాళముగా ప్రసాదించినది. ఉలిమొనను అంచున నిలిపి సుత్తితో నేర్పుగా తాకించినచో అది పగిలిపోదు, పొరపొరగా విడిపోవును. ఆ ఒక్క గుణమును నమ్ముకొనియే ఈ ఊరును, దీని చుట్టుప్రక్కల గ్రామములును తరతరములుగా జీవనము సాగించినవి. తెలుగునాట ఓనమాలు దిద్దిన పిల్లలలో ఎందరి ఒడిలోనో కూర్చున్న పలక ఇక్కడి క్వారీలనుండి పోయినదే. 1872లో విలియం కింగ్ దొర కడప, కర్నూలు శిలలను గూర్చి గ్రంథము వ్రాసినప్పుడు ఈ జాతి రాళ్ళకు మన కంభము పేరే పెట్టెను గావున, భూగర్భశాస్త్రమున గూడ ఈ సీమకొక స్థానము కలదని మనవారు గర్వింపవచ్చును.

ఆ రాతికి 2017 జూలై 1వ తేదీనుండి ప్రకృతి యెరుగని మరియొక స్వభావము సంక్రమించినది. గనినుండి వెలికితీసి మోటుగా చెక్కియో, రంపముతో చదరముగానో దీర్ఘచతురస్రముగానో కోసియో బండగా అమ్మినచో అది వస్తుసేవల పన్ను పట్టికలో 2514వ శీర్షికకు చెంది 5 శాతము పన్నునకు లోబడును. అదే బండకు మెరుగుపెట్టి, అంచులు తీర్చి, గోడకో నేలకో ఇంటి కప్పునకో అమర్చుటకు సిద్ధము చేసినచో 6803వ శీర్షికలోనికి ఎగబ్రాకి 18 శాతమునకు పోవును. దానినే పలుచగా చీల్చి, నాలుగువైపుల కొయ్యచట్రము బిగించి, పిల్లవాని చేతికి పలకగా ఇచ్చినచో 9610వ శీర్షిక క్రింద అసలు పన్నే లేదు. ఒకే గని, ఒకే మేస్త్రి, ఒక్కొక్కప్పుడు ఒకే దినమున ఒకే షెడ్డునుండి బయలుదేరిన సరుకు. పద్దులు మాత్రము మూడు. ఏ సరుకు ఏ పద్దునకు చెందునో నిర్ణయించుట ఎవరి పని యను ప్రశ్నయందే ఇచ్చటి పన్ను తగాదాలకు మూలమున్నదని నేననుకొందును; అది ఆడిటరుగారి పని యని మనము సులువుగా చెప్పుకొను జవాబు బొత్తిగా తప్పనికూడ అనుకొందును.

ఏలన, రాతిని ఎరిగినవాడు బిల్లు వ్రాయడు. బిల్లు వ్రాయువాడు రాతిని చూడడు. రిటర్ను దాఖలుచేయువాడు ఒంగోలులోనో గుంటూరులోనో కూర్చుండి బిల్లును మాత్రమే చూచును. నోటీసు ఇచ్చు అధికారి తొలుత ఆ బిల్లును సైతము చూడక, రిటర్నులోని అంకెలను, వానితో పొసగని మరికొన్ని అంకెలను మాత్రమే చూచును. ఇట్లు నలుగురు మనుష్యులు ఒక రాతిని గూర్చి నాలుగు దూరములనుండి మాటలాడుచుండ, వివాదము పుట్టకుండుటయే వింత. నోటీసు వచ్చిన దినమున తగాదా ఆరంభమైనదని వర్తకుడు తలపోయును. అది ఆరంభమైనది మూడు నాలుగేండ్ల క్రిందట, డ్రైవరు హారను మ్రోగించుచు తొందరపెట్టుచుండగా గుమాస్తా "స్లేట్ స్టోన్, ఒక లోడు" అని వ్రాసి బిల్లు చింపి యిచ్చిన సాయంకాలమున.

నేనొకమారు అట్టి షెడ్డులో ఒక పూట కూర్చుంటిని. రంపముమీద నీరు ధారగా పడుచుండెను. ఆ నీటితో కలసిన రాతిపొడి బూడిదరంగు అడుసై కాలువలో పారుచుండెను. కోసిన బండలను గోడకు నిలువుగా ఆనించి, ఒక కుర్రవాడు ప్రతి దొంతరమీదను సుద్దముక్కతో కొలతయు, మందమును వ్రాసి, ప్రక్కన ఒక గీతయో రెండు గీతలో పెట్టుచుండెను. ఆ గీతలేమని అడిగితిని. "ఒక గీతుంటే కోత మాత్రమే సార్. రెండుంటే పాలిష్ కూడా అయినట్టు" అనెను. 5 శాతమునకును 18 శాతమునకును గల సరిహద్దును ఆ కుర్రవాడు సుద్దముక్కతో ఖచ్చితముగా గీచియే పెట్టినాడు! చట్టమునకు కావలసిన సాక్ష్యమంతయు ఆ దొంతరమీదనే యున్నది. బండలను లారీకి ఎక్కించునప్పుడు ఒకదానికొకటి రాచుకొని ఆ గీతలు చెరిగిపోయినవి. బిల్లుపుస్తకమున్న గదికి అవి చేరనేలేదు. యజమానితో ఈ మాట అన్నప్పుడు ఆయన నవ్వి, "ఏది ఏదో మావోడికి తెలుసులే సార్, అడిగితే చెప్తాడు" అనెను.

అడుగువారు ఇప్పుడు అడుగరు. 2024-25వ సంవత్సరమునుండి వర్తించు 74ఎ సెక్షను ప్రకారము, ఆ యేటి వార్షిక రిటర్ను గడువు తీరిన పిదప 42 నెలలలోగా ఎప్పుడైనను నోటీసు ఇయ్యవచ్చును. 2024 ఏప్రిలులో లారీ యెక్కిన బండను గూర్చి వార్షిక రిటర్ను గడువు 2025 డిసెంబరు 31; అచ్చటినుండి 42 నెలలనగా 2029 జూను నెలాఖరు. ఆ నాటికి ఆ బండ చెన్నపట్టణములో ఎవరి వరండాలోనో ఇమిడిపోయి యుండును. రెండు గీతలు పెట్టిన కుర్రవాడు హైదరాబాదులో మరియొక పనిలో నుండును. గుమాస్తా మారిపోయి యుండును. "స్లేట్ స్టోన్, ఒక లోడు" అను నాలుగు మాటలు మాత్రము ఎవరి పక్షమునను సాక్ష్యము చెప్పక మిగిలియుండును.

పూర్వము ఇట్లుండెడిది కాదు. 1939లో చెన్నరాజధానిలో రాజాజీ మంత్రివర్గము అమ్మకపు పన్నును ప్రవేశపెట్టిననాడు మార్కాపురము కర్నూలు జిల్లాలోనిది. ఆ తరువాత 1957లో ఆంధ్రప్రదేశ్ సాధారణ అమ్మకపు పన్ను చట్టము వచ్చెను. 1970లో ఈ తాలూకా కొత్త జిల్లాలో చేరి, ఆ జిల్లా అనంతరము ప్రకాశము పంతులుగారి పేరు దాల్చెను. 2005లో వ్యాటు, 2017లో జీఎస్టీ. పాతకాలమున యేటేట చిట్టాలును ఆవర్జాలును మూటగట్టి గుమాస్తా పన్నుల కచ్చేరీకి మోసికొనిపోవుటయు, అధికారి ఎదుటనే పుటలు త్రిప్పుచు ఇది యేమి అది యేమి అని అడుగుటయు, అచ్చటికచ్చటనే సగము తగాదా తేలిపోవుటయు ఆచారముగా నుండెను. ఆ ఆచారము వెనుక బల్లక్రింది వ్యవహారము లేమి నడిచెనో ఎరుగనివారెవరు? దాని కొరకు నేను నిట్టూర్పు విడుచుట లేదు. అయినను ఆ కచ్చేరీలో రాతినెరిగినవాడును, పన్ను కట్టించుకొనువాడును సంవత్సరమున కొక్కసారియైన ముఖాముఖి కూర్చుండెడివారన్నది సత్యము. నేటి చట్టము వర్తకుని చేతికే కలమిచ్చి, నీ పన్ను నీవే నిర్ణయించుకొనుమన్నది. ఇది గౌరవమే, కాని గౌరవముతోపాటు, ఆ నిర్ణయమును తరువాత సమర్థించుకొనవలసిన భారమును గూడ అతని నెత్తినే మోపినది. మనవారు గౌరవమును గ్రహించిరి, భారమును గమనింపలేదు.

కావున తగాదా రాకుండ చూచుకొనుట యనగా, నా దృష్టిలో, ఆ కుర్రవాని రెండు గీతలను చెరిగిపోకముందే కాగితముమీదికి ఎక్కించుట. బిల్లుమీద వస్తువు పేరుతోపాటు మందమెంత, కోత మాత్రమేనా, మెరుగు పెట్టినదా, అంచులు తీర్చినదా యని ఒక్క పంక్తి వ్రాయించుటకు అర నిమిషము పట్టును. కొనుగోలుదారుడు పంపిన ఆర్డరు, అది వాట్సాప్‌లో వచ్చిన నాలుగు మాటలైనను సరే, ఆ బిల్లుతో జతపరచవలెను. లోడు బయలుదేరుముందు ఫోనుతో ఒక ఫొటో తీసి బిల్లు నంబరుతో దాచుకొనవలెను. కోసిన బండకును కప్పురాతికిని నడుమ నిజముగానే సందేహమున్నచో, ఊహించుకొనుటకంటె అడుగుట మేలు. ముందస్తు తీర్పు, అనగా అడ్వాన్స్ రూలింగ్, కొరకు విజయవాడలోని ప్రాధికార సంస్థకు అర్జీ పెట్టుకొనవచ్చును. కేంద్రమునకు 5,000, రాష్ట్రమునకు 5,000, వెరసి 10,000 రూపాయల రుసుము. ఆ తీర్పు అడిగినవానిని, అతనిమీద అధికారముగల ఉద్యోగిని మాత్రమే బంధించును, ఇరుగుపొరుగువారికి వర్తింపదు. అందుచేతనే నలుగురు కలసి యొక్కడే అడిగిన చాలునను మన పొదుపు ఇచ్చట పారదు.

అడిగినంతమాత్రమున అనుకూలమగు జవాబు వచ్చునను భరోసా లేదు సుమా. కర్ణాటకములో పరోటా అమ్మకపు సంస్థయొకటి 2020లో అట్లే అడుగగా, పరోటా రొట్టె కాదు, 18 శాతము కట్టుమని జవాబు వచ్చెను, దేశమంతయు నవ్వినది, చివరకు 2025 సెప్టెంబరు 22 నుండి పరోటాకును రొట్టెకును పన్నే లేకుండ చేసిరి. అయిదేండ్ల వాదము ఒక్క కలముపోటుతో ముగిసినది. కాని ఆ నడుమ పరోటాలమ్మినవారు ఏ రేటు కట్టిరో, ఎవరెవరికి నోటీసులు వచ్చెనో ఆ దైవమునకు ఎరుక.

మార్కాపురపు పలకకు పన్ను లేదు గదా, దానిని చేయువానికి తగాదా యేమిటని ఎవరైన అడుగవచ్చును. ఈ శాస్త్రములోని సూక్ష్మమంతయు ఇచ్చటనే యున్నది. మన పట్టణమునకు మిక్కిలి సంబంధించినదియు ఇదియే. పలకకు పన్ను లేదు. కాని పలకకు బిగించు చట్రపు కొయ్యకు, రంపపు బిళ్ళలకు, యంత్రము మరమ్మతునకు, అట్టపెట్టెకు ఉన్నది. ఆ పన్నును తిరిగి రాబట్టుకొను హక్కు, అనగా ఇన్‌పుట్ క్రెడిట్, పన్నుగల సరుకు అమ్మువానికే గాని పన్నులేని సరుకు అమ్మువానికి లేదు. ఒకే షెడ్డులో ఒకే రంపముతో ఉదయము పలకలకును, మధ్యాహ్నము మెరుగు బిళ్ళలకును రాయి కోయువాడు, ఆ రంపపు బిళ్ళమీద కట్టిన పన్నులో ఎంత భాగము రాబట్టుకొనవచ్చును? రెండువిధముల అమ్మకముల నిష్పత్తిని బట్టి, 42వ నియమము ప్రకారము నెలనెలా లెక్కించి పలకల వాటాకు చెందిన క్రెడిటును వదలుకొని, సంవత్సరాంతమున మరల మొత్తముమీద సరిచూచుకొనవలెను. ఈ వదలుకొనుటను మరచినవాని రిటర్నులో పన్నులేని అమ్మకములొక గడిలోను, పూర్తి క్రెడిటు మరియొక గడిలోను ఎదురెదురుగా నిలిచియుండును. వానిని చూచుటకు అధికారి కన్ను అక్కరలేదు, కంప్యూటరు కన్ను చాలును. అప్పుడు వచ్చు నోటీసులో అసలు పన్ను కొంచెమే కావచ్చును. 18 శాతము వడ్డీ సంవత్సరములకొలది పెరిగి దానిని మించజూచును. పిల్లవాని పలకమీద ప్రభుత్వము చూపిన కరుణ, పలక చేయువాని లెక్కలపుస్తకములో ఇట్లొక చిక్కుముడియై కూర్చున్నది.

రోడ్డుమీదను ఆ చిక్కే. పన్నులేని పలకల లోడుకు ఈ-వే బిల్లు అక్కరలేదు. 50,000 రూపాయలు దాటిన బిళ్ళల లోడుకు తప్పనిసరి. రెండును ఒకే లారీలో, ఒకే బిల్లుమీద పోయినచో పలకల విలువను మినహాయించి మిగిలినదానిని లెక్కింపవలెను. ఈ సంగతి డ్రైవరుకు ఎట్లు తెలియును? గిద్దలూరు దాటి ఘాటురోడ్డు ఎక్కకమునుపే తనిఖీవారు ఆపినచో, అతని చేతిలోని కాగితమే యజమాని తరపున మాటలాడవలెను. పత్రములు సక్రమముగా లేనప్పుడు పన్నునకు రెండింతలు జరిమానా పడవచ్చును. పేరులో అక్షరమో పిన్‌కోడులో అంకెయో తప్పిపోవుట వంటి స్వల్పదోషములకు మాత్రము కేంద్రమునకు 500, రాష్ట్రమునకు 500 రూపాయలు చాలునని 2018 సెప్టెంబరులో వెలువడిన 64వ సర్క్యులరు చెప్పుచున్నది. ఆ సర్క్యులరు నకలు నొకదానిని లారీ క్యాబినులో ఉంచుడని నేను చెప్పిన యజమానులలో ఇద్దరు నిజముగానే ఉంచిరి.

కొనుగోళ్ళ విషయమునకు వత్తము. "సప్లయరు వేయలేదు సార్, టూ-బీలో కనపడట్లేదు" అనునది గిద్దలూరునుండి దోర్నాల వరకు ఏ అంగడిలోనైనను వినవచ్చు విలాపము. అమ్మినవాడు తన రిటర్ను దాఖలుచేసినగాని, ప్రతి నెల 14వ తేదీన కొన్నవానికి తయారగు జీఎస్టీఆర్-2బి పట్టికలో ఆ పన్ను కానరాదు. కానరాని క్రెడిటును వాడుకొనరాదు. అమ్మినవాడు పన్ను ఎగవేసిన దోషమునకు కొన్నవాడు మూల్యము చెల్లించుట న్యాయమా యని కొన్ని హైకోర్టులు ప్రశ్నించినవి. కాని కర్ణాటక వ్యాటు చట్టము క్రింద ఒక కాఫీ వర్తకుని వ్యాజ్యములో 2023 మార్చిలో సుప్రీముకోర్టు ఇచ్చిన తీర్పును మన వర్తకులు కంఠస్థము చేయదగును. బిల్లు చూపినంతమాత్రమున, చెక్కు ద్వారా సొమ్ము చెల్లించితినన్నంతమాత్రమున చాలదు. సరుకు నిజముగా వచ్చినదని, ఏ బండిలో వచ్చినది, బాడుగ ఎవరిచ్చిరి, ఎవరు దింపుకొనిరి అను వివరములతో రుజువు చేయు భారము కొన్నవానిదేయని ఆ తీర్పు సారాంశము. కాటా చీటీని, లారీ రసీదును పనియైపోగానే చింపి పారవేయు అలవాటు మన అంగళ్ళలో ఎంత బలముగా నున్నదో తలంచుకొన్నప్పుడు నాకు భయము కలుగును. జాగ్రత్తపరులగు కొందరు కొత్త అమ్మకందారుతో సరుకు విలువ వెంటనే చెల్లించి, పన్ను భాగమును మాత్రము 2బిలో కనబడినపిదప ఇత్తుమని ముందే ఒప్పందము చేసికొనుచున్నారు. మొదట ఇది మర్యాద కాదేమోయని సంకోచించిరి. ఇప్పుడు అమ్మువారికిని అలవాటైనది. మాటమీద నడిచిన వ్యాపారమున ఇట్టి షరతు అవిశ్వాసమువలె తోచును. కాని 180 దినములలోగా పూర్తి సొమ్ము చెల్లింపకున్నచో క్రెడిటును వదలుకొనవలసి వచ్చునన్న నియమమును మరచి, ఆ నెపమున ఏడాదిపాటు బాకీ నిలుపువారిని గూడ నేనెరుగుదును. వారిది జాగ్రత్త కాదు, గడుసుదనము.

పలకమీది వ్రాత తడిగుడ్డతో తుడిచినంత పోవును. పన్ను పోర్టలుమీది వ్రాత అట్లు పోదని మనవారి ఫిర్యాదు. నిజమునకు అదియు ఒక పలకయే, తుడుచుటకు ఒక గడువున్న పలక. గడచిన ఆర్థిక సంవత్సరపు బిల్లులలో తప్పులు దిద్దుకొనుటకును, విడిచిన క్రెడిటు తీసికొనుటకును తరువాతి నవంబరు 30 వరకు చట్టము అవకాశమిచ్చుచున్నది. ఆ తేది దాటినపిమ్మట ఎంత వేడినను ఫలము లేదు. మన రాష్ట్రమునకే చెందిన తిరుమలకొండ ప్లైవుడ్స్ వారి కథ ఇందుకు నిదర్శనము. 2020 మార్చిలో, కరోనా విజృంభించుచున్న కాలమున, వ్యాపారము ప్రారంభించి, ఆ నెల రిటర్నును నవంబరులో ఆలస్య రుసుముతో సహా దాఖలుచేసిరి. అప్పటి గడువు దాటినదని క్రెడిటును నిరాకరించిరి. ఆలస్య రుసుము పుచ్చుకొన్నవారు క్రెడిటు నెట్లు కాదందురని వారు ఆంధ్రప్రదేశ్ హైకోర్టునకెక్కగా, 2023 జూలై 18న న్యాయస్థానము వారి వాదమును త్రోసిపుచ్చినది: క్రెడిటు అనునది చట్టము షరతులతో ఇచ్చిన సదుపాయము, గడువు ఆ షరతులలో నొకటి. మరుసటి సంవత్సరము పార్లమెంటు 16వ సెక్షనునకు ఐదవ ఉపవిభాగము చేర్చి, 2017-18 మొదలు 2020-21 వరకు గల సంవత్సరముల క్రెడిటును 2021 నవంబరు 30లోగా రిటర్ను వేసినవారెల్లరకు అనుగ్రహించినది. ఓడిన వాదమునకు చట్టసభ అనంతరము తలయూపుట మన పన్నుల చరిత్రలో అపూర్వము కాదు. దానిని నమ్ముకొని గడువు దాటించుకొనువాడు మాత్రము వెర్రివాడు. అక్టోబరు మాసమంతయు మునుపటి యేటి పుస్తకములను 2బితో ఒరసి చూచుకొనుటకే కేటాయించు వర్తకుని నేను బుద్ధిమంతుడందును.

క్వారీ లీజుదారుల తగాదా వేరు. ప్రభుత్వమునకు వారు చెల్లించు సీనరేజీమీద, అనగా రాయల్టీమీద, పన్నును ప్రభుత్వము వసూలు చేయదు. రివర్సు ఛార్జి పద్ధతిని లీజుదారుడే లెక్కగట్టి తానే కట్టవలెను. 2017, 2018 సంవత్సరములకు ఆ రేటు 5 శాతమా 18 శాతమా యను చర్చ సాగుచుండగా, 18 యేనని 2021 అక్టోబరులో సర్క్యులరు వచ్చినది. రాయల్టీ పన్ను కాదని 2024 జూలై 25న తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పినను, ఆ తీర్పు జీఎస్టీ చట్టమును గూర్చినది కాదు గనుక చర్చ పూర్తిగా చల్లారలేదు. చూచితిరా, నాలుగేండ్ల క్రిందటి లోడుకు 2021లో స్పష్టీకరణ! వర్తకుడు కాగితములు దాచుకొనలేదని నిందించు నేను, ప్రభుత్వము తన మనస్సులోని మాటను సకాలమున చెప్పలేదని నిందింపకుండుట న్యాయము కాదు. 2017లో చట్టముతోపాటే పుట్టవలసిన అప్పీలు ట్రైబ్యునలు 2025 సెప్టెంబరులో గాని కన్ను తెరవలేదు. ఎనిమిదేండ్లపాటు, మొదటి అప్పీలులో ఓడినవాడు హైకోర్టునకు పోవుటకు స్తోమతలేనిచో, ఆకాశమువంక చూచుచు కూర్చున్నాడు. విజయవాడ, విశాఖపట్టణములలో బెంచీలు కేటాయించి, పాత తీర్పులమీది అప్పీళ్ళకు 2026 జూను 30 వరకు గడువిచ్చిరి.

నోటీసు రానే వచ్చినదనుకొందము. వచ్చినదని తెలియుటయే మొదటి సమస్య. తపాలావాడు తలుపు తట్టి, సంతకము పెట్టించుకొని ఇచ్చిన రోజులు పోయినవి. పోర్టలులో పెట్టినచో ఇచ్చినట్లే. చాలమంది రిజిస్ట్రేషనులో ఇచ్చిన ఫోను నంబరు, ఈమెయిలు వారివి కావు, ఎప్పుడో మానివేసిన ఆడిటరు గుమాస్తావి. నోటీసులకొక చోటు, "అదనపు నోటీసులు, ఉత్తర్వులు" అని మరియొక చోటు పోర్టలులో ఉండుటచేత, మొదటిదానిని మాత్రమే చూచి రెండవదానిని తెరువనివారికి, బ్యాంకువారు ఖాతా స్తంభింపజేసితిమని చెప్పువరకు సంగతి తెలియదు. ఆ నంబరును ఇప్పుడే సరిచూచుకొనుటకంటె చౌకయైన న్యాయసహాయము నేనెరుగను. తెలిసినపిదప, నోటీసులోని ప్రతి అంశమునకును సంఖ్యలవారీగా, ఏ కాగితము ఏ అంకెను రుజువు చేయునో చూపుచు జవాబు వ్రాయవలెను. మా తాతలకాలమునుండి నిజాయితీగా వ్యాపారము చేయుచున్నామను వాక్యము హృదయమును కదలించును గాని అంకెను కదలింపదు. స్వయముగా వినుడని లిఖితపూర్వకముగా కోరవలెను. ప్రతికూలమగు ఉత్తర్వు ఇయ్యదలచినప్పుడు విచారణకు అవకాశమిచ్చి తీరవలెనని 75వ సెక్షను నాల్గవ ఉపవిభాగము శాసించుచున్నది, అది లేకుండ వెలువడిన ఉత్తర్వులను హైకోర్టులు పలుమార్లు కొట్టివేసినవి. ఉత్తర్వు వచ్చినచో అప్పీలునకు మూడు నెలలు, తగిన కారణము చూపినచో మరియొక నెల. వివాదములోని పన్నులో 10 శాతము ముందుగా కట్టవలెను.

ఇటీవల ఒక బండకోత యజమాని రెండు నోటీసులు పట్టుకొని వచ్చెను. ఒకటి, ఏదో నెలలో క్రెడిటు రెండుమారులు పడినందుకు కొన్ని వేల రూపాయలు. రెండవది, మూడు సంవత్సరములపాటు 5 శాతమునకు అమ్మిన బండలను 18 శాతపు బిళ్ళలుగా భావించి వేసిన పెద్ద మొత్తము. ఆయన విసిగిపోయి యున్నాడు. "రెండూ కట్టేసి ఊరుకుందాం సార్, ఈ తలనొప్పి ఎవరు పడతారు?" అనెను. మొదటిదానిని ఆ సాయంకాలమే వడ్డీతో కట్టివేయుమంటిని. తప్పు మనదని పుస్తకమే చెప్పుచుండగా దానికై వకీలు నొద్దకు పోవుట డబ్బు దండుగ. రెండవదానిని మాత్రము కట్టవద్దంటిని. అంకెల తగాదాలో ఒకమారు ఒప్పుకొన్నచో అంతటితో తీరును. వస్తువేదియను తగాదాలో ఒకమారు ఒప్పుకొన్నచో రేపటి బిల్లుమీదను, ఎల్లుండి బిల్లుమీదను ఒప్పుకొన్నట్లే. కొన్నవారినుండి వసూలుచేయని 13 శాతమును ఏటేట తన చేతినుండి పెట్టు బండకోత షెడ్డు ఎన్నాళ్ళు నడుచును?

విచారణకు ఆయన గోనెసంచిలో మూడు రాతిముక్కలు తెచ్చెను: గనినుండి వచ్చినది, రంపముతో కోసినది, మరియొకరి షెడ్డులో మెరుగుపెట్టినది. అధికారి చిన్నవాడు, బల్లమీద వానిని ప్రక్కప్రక్కన పెట్టించి, ఒక్కొక్కదానిని వ్రేలితో నిమిరి చూచి, "మీరు పాలిష్ చేయరని నేనెలా నమ్మాలి?" అని అడిగెను. అది సరియైన ప్రశ్న. "పాలిష్ మిషనే లేదు సార్ మాకు" అనెను ఈయన. అట్లయినచో షెడ్డులోని యంత్రముల జాబితాయు, వాని కొనుగోలు బిల్లులును, ఆ మూడేండ్ల కరెంటు బిల్లులును తెమ్మని చెప్పి అధికారి వాయిదా వేసెను. మెట్లు దిగుచు ఈయన నావైపు తిరిగి, "మిషను బిల్లులు మా తమ్ముడి దగ్గర ట్రంకుపెట్టెలో ఉండాలి సార్. లేని మిషనుకు కాగితం ఎట్లా తెచ్చేది అనుకున్నా, ఉన్నవాటి లెక్క చూపిస్తే లేనిది తెలిసిపోద్ది గదా" అని, ఫోను తీసి తమ్మునికి కలిపెను. మూడింటికి మించి వాయిదాలు ఇయ్యరని జ్ఞాపకము చేసితిని. ఆయన అప్పటికే పెట్టె తాళపుచెవి ఎవరివద్ద నున్నదని కేకలు వేయుచుండెను.